గ్రానైట్ మార్చురీ

“ఈ పత్తి సీజను మన ఇంటికి మంచిది కాదప్పా. నా మనసుకు తెలుస్తాంది” అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. ఆదోని మార్కెట్ యార్డుకు కొత్త పత్తి ఇంకా సరిగా రావడమే మొదలుకాలేదు. మా ఆయన సామ్సను గడప మీద కూర్చుని, యార్డులో పత్తి బోరాలెత్తే కొక్కేనికి పట్టిన తుప్పును ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

“పోయిన సీజన్ల ఇల్లు కూలిపోతాదన్నావు. అంతకు ముందర నాకు గుండె ఆగిపోతాదన్నావు. ఇల్లూ ఉండాది, నేనూ ఉండాను. ఈసారి ఏమి?”

“ఏమో. తెలిస్తే సెప్పనా.”

“తెలిసినాక సెప్పు. ఇద్దరం కలిసి భయపడదాము.”

ఆయన మాట ఎప్పుడూ అంతే. నేను కోసిగిలో ఏడు దాకా చదువుకున్నాను. బైబిలు నా అంతట నేను చదువుకుంటాను. భయపడవద్దని అందులో ఎన్ని చోట్ల ఉందో కూడా తెలుసు. అయినా ఇంట్లోవాళ్లు వేళకు రాకపోతే నా కళ్లకు లారీ కనబడుతుంది. ఫోను మోగితే ఆస్పత్రి కనబడుతుంది.

ఆ సాయంత్రమే జోయలు కొత్త నల్ల టీషర్టు తొడుక్కుని వచ్చాడు. జోయలు మా ఒక్కగానొక్క కొడుకు. ఇరవై దాటాయి. పత్తి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో మిషను దగ్గర పని, ఆదివారమైతే మా చర్చిలో డ్రమ్స్ కొడతాడు. టీషర్టు మీద రాళ్ల గుట్ట, గుట్ట మీద పుర్రె, పుర్రె పళ్ల మధ్య సుత్తి. కింద ముళ్లకంపను వంచి రాసినట్టు ఇంగ్లీషు అక్షరాలు. మరునాడు ఉతికి ఆరేస్తూ ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాను. మొదటి మాట గ్రానైట్. రెండోది మార్చురీ.

మార్చురీ అంటే నాకు తెలుసు. మా అన్నను లారీ గుద్దినప్పుడు పెద్దాస్పత్రి వెనకాల ఆ గది బయట అరుగు మీద కూర్చున్నదాన్ని. ఆ మాటను ఎవరైనా ఒంటి మీద తొడుక్కుంటారా?

“ఇదేందిరా?” అని అడిగాను.

“బ్యాండుమా. పాటలు పాడేటోళ్లు. పోర్చుగలోళ్లు.”

“పాడేటోళ్లకు పీనుగల గది పేరేంటికి?”

“వాళ్లది రాళ్ల క్వారీలుండే ఊరు. క్వారీల్ల శానామంది సచ్చిపోయినారంట. అందుకని పెట్టుకున్నారు.”

“సచ్చిపోతే ప్రార్థన సేయాల. బనీన్ల మీద ఏసుకుంటారా?”

వాడు నవ్వి, ఫోనుకున్న తీగల్లో ఒకదాన్ని నా చెవిలో పెట్టాడు. పందిని పట్టుకున్నప్పుడు వినబడే అరుపు, దాని వెనకాల రేకుల మీద వడగళ్లు పడుతున్న మోత. చప్పున పీకేశాను. లోపల ఏమైనా మిగిలిపోయిందేమోనని చెవి రుద్దుకున్నాను.

“ఎట్లుంది?” అన్నాడు ఆశగా.

“ఎవుర్ని తిడతాండాడు?”

“ఎవుర్నీ తిట్టలేదుమా.”

“తిట్టకుండా అట్ల అరవరు నాయినా.”

నవ్వు తగ్గిపోయింది. తీగ తీసుకుని చుట్టుకున్నాడు. ఇంకోసారి నా చెవిలో పెట్టలేదు.

అప్పటినుంచి వాణ్ణి కనిపెట్టుకుని ఉండడమే నా పనైంది. మిల్లు నుంచి వచ్చి నీళ్ల తొట్టి పక్కన నిలబడి ఫోనులోకి మాట్లాడేవాడు. నేను లోపల పొయ్యి ఊదుతున్నట్టు చేస్తూ వినేదాన్ని. “రెండో ఆల్బమ్‌కు ఎదురు లేదన్నా. మూడోదాంట్ల వాళ్లు మెత్తబడినారు. నాలుగోది నేను లెక్కలోకే తీసుకోను. మెక్సికోవోడు ఏమన్నా అనుకోనీ, వాన్ని వదిలేది లేదు.” పాటల గురించేనని తెలుస్తూనే ఉంది. కానీ పాటల కోసం ఒక మనిషిని వదలకపోవడమేమిటి?

సామ్సనుతో చెప్తే, “మెక్సికో నుంచి ఆదోనికొచ్చి మనోన్ని కొట్టాలంటే వానికి శానా తీరిక ఉండాల. నువ్వు కూర సూసుకో, మాడుతాంది” అన్నాడు.

ఆదివారం ఆరాధన అయిపోగానే అన్నం కూడా సరిగా తినకుండా ఎమ్మిగనూరు బస్సెక్కేవాడు. యాడికిరా అంటే ఫ్రెండ్సు అనేవాడు. ఏ ఫ్రెండ్సురా అంటే నీకు తెల్దులేమా అనేవాడు. ఫోను మోగితే ఒకసారి సంతోషి అని ఆడపిల్ల పేరు కనబడింది. చొక్కా వాసన చూశాను, జేబులు చూశాను, కళ్లు ఎర్రగా ఉన్నాయేమో చూశాను. మిల్లులో దూది దుమ్ముకు అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. నాకు అది కూడా అనుమానమే.

ఆ తర్వాత ఒక ఆదివారం చర్చిలో పాట నడుస్తుండగా వాడి చేతులు ఒక్కసారిగా వేగమెత్తాయి. చప్పట్లు కొట్టే ఆడవాళ్లకు చేతులు అందలేదు. ముసలి లక్ష్మమ్మ కొట్టీ కొట్టీ ఆపేసి రొప్పుతూ కూర్చుంది. కళ్లు మూసుకుని వాడొక్కడే ఎక్కడికో పోతున్నట్టు కొట్టాడు. బయటికి వచ్చాక కృపమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె మా ఆడవాళ్ల ప్రార్థన గుంపుకు పెద్ద.

“ఏసమ్మా, అది పిల్లోడు కొట్టే కొట్టుడు కాదు. ఏదో కొట్టిస్తాంది. నువ్వు దాసిపెట్టుకుంటే పెరుగుతాది. శుక్రవారం విన్నపంలో పెట్టు.”

మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. చివర్లో మైకు చేతి నుంచి చేతికి పోతుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, బెంగుళూరు పనులకు పోయిన మనుషుల జాడ తెలియనివాళ్లు, ఎవరి విన్నపం వాళ్లు మైకులో చెప్తారు. మంచం పట్టి రాలేనివాళ్లు ఇంట్లోనుంచే ప్రార్థన కలపాలని ఆ మైకును పైకప్పు మీది హారన్లకు కలిపి ఉంటారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. మైకు నా చేతికి వచ్చేటప్పటికి భయం తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

“నా కొడుకు జోయలు మార్చురీ అనే పాటల్ల పడినాడు. పుర్రెల బనీన్లు ఏస్తాడు. ఆదివారమైతే ఎమ్మిగనూరుకు పోయి ఎవుర్నో కలుస్తాడు, సెప్పడు. వాని మీద ఏదో ఉండాది. అందరూ మోకాళ్లూని వాని కోసరం ప్రార్థన సేయండి.”

చర్చి వెనక గోడకు ఆనుకునే జోయలు పనిచేసే మిల్లు ఉంటుంది. అది అన్నం వేళ. మిషన్లు ఆపి, కూలీలంతా పత్తి బోరాల నీడన క్యారియర్లు విప్పుకుని కూర్చునే వేళ.

ఆ సాయంత్రం వాడు తెచ్చిన క్యారియరు బరువుగా ఉంది. మూత తీస్తే ముద్ద కూడా కదలలేదు.

ఆదివారం చర్చికి పోయేసరికి డ్రమ్స్ వెనకాల చర్చి పెద్ద శేషన్న కొడుకు కూర్చుని ఉన్నాడు. శేషన్న జోయలు భుజం మీద చెయ్యి వేసి, “కొన్నాళ్లు వెనక కూసో నాయినా. నీ కోసరం ప్రార్థన సేస్తాండాము కదా” అన్నాడు. మంచిగానే అన్నాడు. జోయలు చేతిలోని పుల్లలు రెండూ ఆ పిల్లవాడికి ఇచ్చి, వెనక చాప మీద కూర్చున్నాడు. మిల్లులో వాణ్ణి మార్చురీ అని పిలవడం మొదలైందని సామ్సను చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పినప్పుడు జోక్ చేయలేదు.

ఆ రోజునుంచి జోయలు నాతో మాట్లాడలేదు.

కోపంగా కూడా లేడు. పెట్టింది తినేవాడు. బిందె ఎత్తబోతే వచ్చి ఎత్తిపెట్టేవాడు. వాళ్ల నాయినతో మాట్లాడేవాడు, గ్యాసు బండ తెచ్చేవాడితో మాట్లాడేవాడు, వాకిట్లో కుక్కతో మాట్లాడేవాడు. నేను అడిగితే మాత్రం నేలను చూసేవాడు. యార్డులో పత్తి గుట్టలు పెరిగాయి. మా వీధి కరెంటు తీగలకు తెల్లటి దూది అంటుకుని వేలాడింది. ఆ మాట లేని ఇంట్లో నేను ఏమేమి ఊహించుకున్నానో రాయను. వాడు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు తట్టేదాన్ని. తలుపు తీసి, నన్ను చూసి, పక్కనుంచి పోయేవాడు.

“వాడు మాట్లాడకపోతే ఏమ్మే, నేను మాట్లాడతాండా కదా” అన్నాడు సామ్సను.

“నీ మాటలు నాకేంటికి?”

“అట్లయితే నువ్వు పోయి వాన్ని అడుగు.”

“అడిగితే పలకడు కదా.”

“ఇన్నాళ్లూ అడిగినావా, దబాయించినావా?”

ఆదివారం వాడి వెనకాలే ఎమ్మిగనూరు పోదామని మనసులో అనుకున్నాను. అక్కడ గంజాయి ఉందో, ఆ సంతోషి ఉందో, ఇంకేముందో ఈ కళ్లతో చూస్తే గాని నాకు నిద్ర లేదు.

ఆడవాళ్లకు బస్సు ఉచితం అయిననాటి నుంచి ముందు సీట్లలో సూది మోపే సందు ఉండదు. పత్తి తీయడానికి పోయే ఆడవాళ్ల మధ్య తలమీద కొంగు వేసుకుని కూర్చున్నాను. జోయలు వెనక తలుపు దగ్గర వేలాడుతున్నాడు, చెవుల్లో తీగలు. ఎమ్మిగనూరులో దిగి వాడు నేతగాళ్ల సందుల్లోకి నడిచాడు. ఇళ్లలోనుంచి మగ్గాల చప్పుడు వస్తోంది. ఆ చప్పుడులో నా చెప్పుల చప్పుడు కలిసిపోయింది. ఒక రేకుల షెడ్డు ముందర వాడు చెప్పులు విడిచి లోపలికి పోయాడు. పైన బోర్డు, సుంకన్న సౌండ్ సర్వీస్ అని. గోడకు పేర్చిన షామియానా గుంజల చాటున నిలబడ్డాను. రేకుల సందులోనుంచి చూడవచ్చు.

దయ్యాల పూజకు పెట్టిన మేక తల ఉంటుందనుకున్నాను. గోడకు దేవుళ్ల క్యాలెండరు ఉంది. వరసగా హారన్లు, నల్ల పెట్టెలు, చుట్టలు చుట్టిన వైర్లు. నెరిసిన మీసాల మనిషి ఒకాయన పెట్టె మీద కూర్చున్నాడు, ఆయనే సుంకన్న. చొక్కాకు నూలు పోగులు అంటుకున్న కుర్రవాడు నేల మీద. నర్సింగు చదివే పిల్ల కాబోలు, తెల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని ఒక అమ్మాయి. ఇదీ సంగతి అనుకున్నాను. కానీ జోయలు ఆ పిల్ల పక్కన కూర్చోలేదు, ఆమె వైపు చూడనైనా లేదు. నలుగురూ పెట్టె వైపు తిరిగి తల వంచుకున్నారు. అదే పందికోత పాట మొదలైంది. రేకులు అదిరాయి. నలుగురూ కదలకుండా, మా ఉపవాస ప్రార్థనలో కూడా నేను చూడనంత నిలకడగా విన్నారు.

పాట ఆగింది. కొట్లాట మొదలైంది.

“మొదటి ఆల్బమే గొప్పదన్నా” అన్నాడు నూలు పోగుల కుర్రవాడు. “డ్రమ్ము నూనె డబ్బా కొట్టినట్టు వస్తాది సూడు, ఆ కరువు సౌండే దాని అందం.”

“మధూ, నీకు సౌండు తెలీదు, కరువు మాత్రం తెలుసు” అన్నాడు సుంకన్న. “అది అందం కాదప్పా, మంచి మైకు లేక అట్ల వచ్చింది. నేను ముప్పై ఏండ్లుగా ఈ పెట్టెలు మోస్తాండా.”

“మూడోదాన్ని అందరూ తిడతారు” అంది ఆ పిల్ల. “దాంట్ల ఒక్కదాంట్లోనే మాటలు అర్థమైతాయి. రాయి మీదపడి పోయినోళ్ల పేర్లు వరసగా సదువుతాడు.”

“సంతోషీ, పేర్లు సదివేదానికి ఓటర్ల లిస్టు సాలదా? అది పాటనా?” అన్నాడు మధు.

“నీ సెల్లెలి పెండ్లిల నువ్వు పాడింది పాటనా?”

అందరూ నవ్వారు. అప్పుడు జోయలు మాట్లాడాడు. నేను రేకుకు చెవి ఆనించాను. ఇన్ని వారాల్లో ఆ గొంతు నాకోసం లేచింది లేదు.

“రెండోదాంట్ల ఐదో పాట మళ్ల పెట్టు సుంకన్నన్నా. అందరూ స్పీడు స్పీడంటారు. స్పీడు కాదు. అంత స్పీడులోనూ ఒకచోట బ్యాండోళ్లు నలుగురూ ఒకేసారి ఆపుతారు. ఊపిరి తీసుకునేంతసేపు. మళ్ల నలుగురూ ఒకేసారి పడతారు. ఎవురికి ఎవురూ సైగ సేసుకోరు, నమ్ముకోని ఆపుతారు. నాలుగోదానికి ఆ డ్రమ్మోడు పోయినాడు, మిషనుతో కొట్టించినారు. మిషను నమ్మేదేముంటాది? అందుకే నాలుగోది నాకొద్దు. మెక్సికోవోనికి ఫోన్ల ఇదే రాసినా.”

“రాసి రాసి వాన్ని మతం మార్చేటట్టుండావు” అన్నాడు సుంకన్న. “అది సరే, మీ చర్చిల డ్రమ్స్ మానేసినావంట. ఎవురో అంటాండ్రి. ఏంటికప్పా?”

నేను గుంజను పట్టుకున్నాను.

“మిల్లుల షిఫ్టు మారిందన్నా. ప్రాక్టీసుకు కుదరడంల్యా” అన్నాడు జోయలు.

“ఇంట్ల ఏమన్నా అన్నారా?” అంది సంతోషి.

“ల్యా. మా అమ్మకు నేను కొడితే ఇష్టమే. ముందర వరసల కూసుంటాది. షిఫ్టే మారింది.”

సుంకన్న మీట నొక్కాడు. పాట మళ్లీ మొదలైంది. నలుగురూ ఒకేసారి ఆపే చోటు ఎక్కడుందో అని నేను బయట నిలబడి చూశాను. నాకు దొరకలేదు.

“ఎవురక్కా మీరు?” అని వెనకనుంచి వినబడింది. చేతిలో టీ గ్లాసుల పళ్లెంతో ఒకామె. నా ముఖంలోకి చూసి, “జోయలు వాళ్లమ్మా? ముక్కు అదే ముక్కు” అంది. సుంకన్న భార్య భీమమ్మ.

“లోపల ఏం సేస్తారు వీళ్లు?” అన్నాను మెల్లగా.

“ఏం సేస్తారక్కా? పాట పెడతారు, కొట్లాడతారు, టీ తాగుతారు, పోతారు. ఈ పాటలినేటోళ్లు లోకంల యాడెక్కడనో ఉండారంట, ఫోన్ల ఒకరికొకరు ఏది బాగుంది ఏది బాగలేదని రాసుకుంటారంట. ఈ జిల్లాకంతా మాత్రం ఈ నలుగురే. నాకు ఒరిగేది సక్కెర ఖర్సు. రాండి లోపలికి.”

“వద్దు సెల్లెలా. నేనొచ్చినానని సెప్పొద్దు.”

బస్సులో తిరిగి వస్తుంటే ఆ టీలో ఏమైనా కలుపుతున్నారేమో, వాసన చూసి ఉండాల్సింది అనిపించింది. నా బుద్ధి అంత తొందరగా మారేది కాదు. కానీ దానికంటే గట్టిగా, షిఫ్టు మారిందన్న మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది.

క్రిస్మస్ దగ్గరపడింది. చర్చికి సున్నం వేశారు, వాకిట్లో నక్షత్రం కట్టారు. కృపమ్మ మా ఇంటికి వచ్చింది.

“శేషన్నతో మాట్లాడినాను. క్రిస్మస్ ఆరాధనల నువ్వు లేసి ఒక్క మాట సాక్ష్యం సెప్పు. నా కొడుకుకు విడుదలయ్యింది, ఆ పాటలు వదిలేసినాడు అని. ఆ పూటే వాన్ని డ్రమ్స్ మీద కూసోబెడతారు. ఒక్క మాట, అంతే.”

“వదల్లేదు కదక్కా.”

“వదులుతాడులే. విశ్వాసంతో ముందరే సెప్పొచ్చు.”

నాకు ఆశ పుట్టింది, దాచను. ఒక్క మాటతో వాడు మళ్లీ ముందు కూర్చుంటాడు. మళ్లీ నాతో మాట్లాడతాడు. ఆ మాటను పొయ్యి దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర నోట్లోనే అనుకుని చూశాను. నోటికి తేలికగానే వచ్చింది.

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయింది. సామ్సను తెల్లచొక్కా వేసుకున్నాడు. జోయలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, తండ్రి బతిమాలితే వచ్చాడు. డ్రమ్స్ కుర్చీ ఖాళీగా ఉంది. అది నా మాట కోసం ఉంచిన ఖాళీ అని నాకు తెలుసు. పాస్టరు అయ్యగారు నా పేరు పిలిచారు. మైకు చేతికి వచ్చింది. ఈసారి హారన్లు గుర్తున్నాయి.

“నా కొడుకు జోయలు ఆదివారాలు ఎమ్మిగనూరుకు పోతాడు” అన్నాను. నా గొంతు పైనుంచి నాకే తిరిగి వినబడింది. “ఆడ సౌండ్ సర్వీసు సుంకన్న షెడ్డుల పాటలింటారు. నలుగురు ఇంటారు. ఏది బాగుందని కొట్లాడతారు. నా కొడుకు రెండోది బాగుందంటాడు. మూడోదాన్ని ఒక పిల్ల బాగుందంటాది. నాలుగోదాంట్ల డ్రమ్ము మిషను కొడతాదంట, అది బాగలేదంట. నేనింకా సరిగా ఇనలేదు. ఇన్నాక సెప్తాను.”

మైకు పక్కామెకు ఇచ్చి కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. కృపమ్మ నన్ను చూడకుండా పాటల పుస్తకం తెరిచింది. శేషన్న కొడుకు వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. పోయిందనుకున్నాను. ఒక్క మాటకు వచ్చేదాన్ని నా చేతులారా పోగొట్టాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

ఆరాధన అయ్యాక సామ్సను కేకు పంచేవాళ్లతో మాటల్లో పడి ఉండిపోయాడు. కావాలనే ఉండిపోయాడేమో. జోయలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను నడిస్తే పక్కన నడిచాడు.

“ఏది ముందర ఇనాల నాయినా?” అన్నాను.

పలకలేదు. మిల్లు గోడ వెంబడి నడిచాము. పండగని మిషన్లు ఆగి ఉన్నాయి. ఎప్పుడూ మోతగా ఉండే వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయం. ఇంకోసారి అడగాలని నోరు తెరిచి మూసుకున్నాను. యార్డు గేటు దాటాము. టీ బంకు దగ్గర మిల్లు కుర్రవాళ్లు ఎవరో మార్చురీ అని అరిచారు. జోయలు చెయ్యి ఎత్తి ఊపాడు, ఆగలేదు. మా సందులోకి తిరిగాము. కుక్క ఎదురొచ్చింది. దానితో కూడా మాట్లాడలేదు. వాకిట్లో వంగి చెప్పుల అడుగున అంటుకున్న దూదిని గీకి తీస్తూ చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. నేను తాళం చేతిలో పట్టుకుని తలుపు తీయకుండా నిలబడ్డాను.

“రెండోది” అన్నాడు, తల ఎత్తకుండానే. “రెండోది ముందర ఇనుమా. సౌండు తక్కువ పెడతా. భయమైతే ఆపుదాము, మళ్ల పెడదాము.”